పొదిలి బస్సెక్కించిన పెట్టె

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు ఈ జన్మలో వచ్చేలా లేదు. పదేళ్ళు దాటిపోయింది ఈ బరువు మోయడం మొదలుపెట్టి. అన్నయ్యకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. ఒకసారి గుళ్ళో చెప్పుకుందామని కళ్ళు మూసుకున్నాను కానీ, అక్కడా నా నోట్లోంచి "ఏదో తెలియక జరిగిపోయింది స్వామీ" అనే వచ్చింది. తెలియక జరగలేదు. దేవుడి ముందు కూడా అబద్ధమే ఆడి, తీర్థం తీసుకుని బయటికి వచ్చాను.

తెలిసే చేశాను. పట్టపగలు, తల దువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని మరీ వెళ్ళి చేశాను.

ఎందుకు చేశావని మీరు అడుగుతారు. పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని నేనూ చాలా వెతికాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఎవరూ నాకు అన్యాయం చేయలేదు. ఆ అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఉన్నది ఒకటే. కడుపుమంట. అసూయ అంటే కాస్త పుస్తకంలో మాటలా, మర్యాదగా ఉంటుంది. నాది మర్యాదగా లేదు. తింటున్న అన్నం సయించనిచ్చేది కాదు.

మాది గుంటూరు పక్కన నల్లపాడు. నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ప్రయాణాలు అన్నీ ఆయన మాట మీదే నడిచేవి. నేను ఎమ్మే ఇంగ్లీషు చదివి, బీఈడీ చేసి, గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నా ఉచ్చారణ బాగుంటుందని పేరు. తప్పు లేకుండా మాట్లాడతానని పేరు. ఆ పేరును రోజూ ఇస్త్రీ చేసుకుని కట్టుకునేదాన్ని.

ఆ స్కూలుకి కోటేశ్వరి వచ్చింది. పొదిలి దగ్గర పల్లె. మెట్ట పొలం, మిర్చీ, పత్తీ వేసే ఇల్లు. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్నది. మొదటిరోజే స్టాఫ్ రూములోకి వచ్చి, "అక్కా, మీ పక్కన కూచోవచ్చా? ఈ ఊళ్ళో నాకెవరూ తెలీదు" అంది. వారం తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' అయింది. నేనూ 'కోటీ' అనడం మొదలుపెట్టాను. ఇష్టం లేక కాదు. నాకు ఆమె అంటే నిజంగా ఇష్టమే. ఇష్టమైన మనిషి మీద ఇంత మంట ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. నాకూ అర్థం కాలేదు. తెలియని మనిషి బాగుపడితే మనకేం పడుతుంది? రోజూ మన టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తినే మనిషి బాగుపడితేనే పడుతుంది.

కోటి ఇంగ్లీషులో తప్పులుండేవి. నేను వేళ్ళ మీద లెక్కపెట్టేదాన్ని. కానీ ఆమె క్లాసులో పిల్లలు మాట్లాడేవాళ్ళు. నా క్లాసులో పిల్లలు రాసేవాళ్ళు. ఆ తేడా నాకు మొదట్లో తెలియలేదు. ఒకరోజు వరండాలో నడుస్తుంటే ఆమె గది లోంచి గోల వినిపించింది. అల్లరి అనుకుని కిటికీ లోంచి చూశాను. అల్లరి కాదు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల, నా క్లాసులో అంతకుముందు ఏడాదంతా గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల, లేచి నిలబడి ఇంగ్లీషులో దెబ్బలాడుతోంది. వాళ్ళ నాయనమ్మ దొంగచాటుగా ఐస్‌క్రీం తింటుందో లేదో అన్న విషయం మీద. కోటి చేతులు కట్టుకుని, నవ్వాపుకుంటూ ఆ పిల్ల చెప్పేదంతా వింటోంది. ఒక్క తప్పూ దిద్దలేదు.

నేను వెనక్కి వచ్చి స్టాఫ్ రూములో కూర్చున్నాను. ఆ రోజు మొదలైంది.

ఆ ఎండాకాలం గుంటూరు బ్రాడీపేటలోని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మలేసియాలో ఒక స్కూలుకి ఇంగ్లీషు టీచర్లు కావాలన్నారు. నేనే కోటికి చెప్పాను. "ఇద్దరం పెడదాం, ఇద్దరికీ వస్తే కలిసి వెళ్దాం" అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనసులో ఉన్నది మాత్రం వేరు. నాకు వస్తుంది, దానికి రాదు, దాన్ని ఓదార్చాలి. ఓదార్చడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. అవతల ముగ్గురు: చైనీసు మనిషి ఒకావిడ, మలయ్ మనిషి ఒకాయన, తమిళావిడ హెడ్మిస్ట్రెస్. నేను మంగళగిరి చీర కట్టుకుని, వాక్యాలు ముత్యాల్లా పేర్చి మాట్లాడాను. వాళ్ళు మర్యాదగా తలలూపారు. తర్వాత కోటి వంతు. నేను తలుపు పక్కనే కూర్చుని విన్నాను. ఆమె సంచీలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి కెమెరాకి చూపించి, "మీ ఇంట్లో దీనితో ఏం చేస్తారు?" అని అడిగింది. అంతే. ఆ ముగ్గురూ ఉద్యోగం ఇచ్చేవాళ్ళమన్న సంగతి మరచిపోయి, ఎవరి ఇంట్లో పచ్చడి కారంగా ఉంటుందో వాదించుకోవడం మొదలుపెట్టారు. మలయ్ ఆయన తన అత్తగారి మీద ఫిర్యాదు చేశాడు. హెడ్మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

కోటికి వచ్చింది. నా పేరు వెయిటింగ్‌లో పెట్టారు.

నేను మిఠాయి కొనిచ్చాను. కౌగిలించుకున్నాను. ఇంటికి వెళ్ళి తలనొప్పి అని పడుకున్నాను. మిరపకాయ! గుంటూరులో ఎటు చూసినా మిరపకాయే. సీజనులో మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే ఊరంతా తుమ్ముతుంది. పుట్టినప్పటి నుంచీ తుమ్ముతున్నాను. నాకెందుకు తట్టలేదు? ఎన్నిసార్లు ఆ ప్రశ్న వేసుకున్నానో. జవాబు తెలిసే వేసుకున్నాను. నాకు తట్టదు. నేను పుస్తకం తీస్తాను, అది సంచీలోంచి ఊరు తీస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన పని మీకు చిన్నదిగా కనిపిస్తుంది.

స్కూలువాళ్ళు పంపిన టిక్కెట్టు అమావాస్య రోజుకి పడింది. కోటి తండ్రి ఒక అమావాస్య నాడు మిర్చి లోడుతో లారీలో గుంటూరు బయలుదేరి, దారిలో బోల్తాపడి పోయాడు. వెళ్ళొద్దని భార్య అడ్డుపడితే, ధర ఉన్నప్పుడే అమ్మాలని వెళ్ళాడట. అప్పటి నుంచీ ఆ తల్లి, పిచ్చమ్మగారు, మంచిరోజు అడగకుండా పిల్లల్ని సంతకి కూడా పంపేది కాదు. అమావాస్య నాడు సముద్రం దాటడమంటే ఆమె ససేమిరా ఒప్పుకోదు. టిక్కెట్టేమో మారదు, ఫలానా తేదీకి వచ్చి చేరాల్సిందే అన్నారు. కోటి ఏడుపు ముఖంతో మా ఇంటికి వచ్చింది.

అప్పటికి నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. పంచాంగం నేను చదివి వినిపిస్తే, ఎడమచేతి వేలితో చూపించేవారు. ప్రస్థానం పెడితే సరిపోతుంది కదా అని ఆ రోజు సలహా ఇచ్చింది నేనే. మీలో కొందరికి తెలియకపోవచ్చు. ప్రయాణం రోజు బాగుండకపోతే, ముందుగానే ఒక మంచిరోజు చూసి, ప్రయాణం చేసేవాళ్ళ సామాను ఇంకొకరి ఇంట్లో పెడతారు. సామాను గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు వెళ్ళినా దోషం ఉండదు. ఒకటే నియమం. ఆ సామాను మళ్ళీ ఇంటికి రాకూడదు. వస్తే ఆ ప్రయాణం చెడినట్టే. ఇక ఆ మనిషిని పంపరు.

ఎందుకు చెప్పాను ఆ ఉపాయం? మంచితనమా? కాదనుకుంటాను. దానికి తెలియనిది నాకొకటి తెలుసని చూపించుకోవాలని. నాన్నగారు తలూపి, పంచాంగంలో ఒక గురువారం మీద వేలు పెట్టారు. ఆ గురువారం తల్లీకూతుళ్ళు పెట్టె తీసుకుని పొదిలి నుంచి వచ్చారు. నాన్నగారు ఎడమచేత్తో దాని మీద అక్షింతలు వేశారు. పిచ్చమ్మగారు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, "మీ ఇంట్లో ఉందంటే నాకింక దిగుల్లేదు పంతులుగారూ" అంది. పెట్టె మా మధ్యగదిలో కిటికీ కింద పెట్టారు. వాళ్ళు ఊరు వెళ్ళిపోయారు. అమావాస్య నాటికి కోటి వట్టి చేతులతో వచ్చి, మా ఇంట్లో పెట్టె తీసుకుని, అటునుంచి అటే హైదరాబాదు వెళ్ళి విమానం ఎక్కాలి.

మధ్యలో ఆ పెట్టె, నేను.

నిజం చెబుతాను. దాన్ని పట్టించుకోకుండా ఉందామనే చూశాను. కాఫీ తాగేటప్పుడు ఎదురుగా అదే. చీపురు పట్టుకుంటే కాళ్ళకు అడ్డం అదే. మూడోరోజు అన్నయ్యా వదినా తెనాలిలో పెళ్ళికి వెళ్ళారు. ఇంట్లో నేనూ, నాన్నగారూ. పెట్టెకు తాళం లేదు. మాకు అప్పజెప్పి తాళం ఎందుకు అనుకుని ఉంటారు. తెరిచాను.

బట్టలు కొంచెమే ఉన్నాయి. మిగతాదంతా పిల్లల కోసం. విచ్చుకున్న పత్తికాయలు, కొమ్మలతో సహా, పాత చీరముక్కలో జాగ్రత్తగా చుట్టి. ఎండుమిరపకాయల దండ. చింతగింజలు, గవ్వలు. ఒక మట్టి ఎద్దు. తన బడిపిల్లలందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళు గీసిన బొమ్మలు, ఒక్కోదాని కింద వచ్చీరాని ఇంగ్లీషులో 'మీ ఇల్లు ఎలా ఉంటుంది?' అని. నేను నేల మీద కూర్చుని అన్నీ చూశాను. చూస్తున్న కొద్దీ ఒళ్ళు మండింది. నేను వెళ్ళేదాన్నైతే ఏం సర్దుకునేదాన్ని? చీరలు, మాత్రలు, ఒక నిఘంటువు. అక్కడి పిల్లలు దీన్ని ప్రేమిస్తారని నాకు అప్పుడే తెలిసిపోయింది. అక్కడెక్కడో నేను చూడని గదిలో, నేను చూడని పిల్లలు దీని చుట్టూ మూగడం నా కళ్ళకు కట్టింది. ఓర్చుకోలేకపోయాను. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు చేతకాదు.

అన్నీ ఎక్కడివక్కడ పెట్టి మూత వేశాను. ముఖం కడుక్కున్నాను. తల దువ్వుకున్నాను.

పెట్టె ఎత్తుతుంటే, ముందుగదిలో మంచం మీద నుంచి నాన్నగారు చూశారు. ఏమిటన్నట్టు గడ్డం ఎగరేశారు. నేను ఆయన మంచం పక్కనుంచి గుమ్మం వైపు వెళుతుంటే ఎడమచెయ్యి చాచి పెట్టె పిడి పట్టుకున్నారు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. చెయ్యి కిందికి, కిందికి ఊపారు. పెట్టెను దించమని. ఆయనకు అర్థమైపోయింది. నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలియదు కానీ ఆయనకు మొత్తం అర్థమైంది. నేను ఆయన వేళ్ళు విడదీశాను. గట్టిగా పట్టుకోలేదు పాపం. పట్టుకోవడానికి ఆయన ఒంట్లో సత్తువ ఏముంది?

ఆటోలో బస్టాండుకి వెళ్ళాను. పొదిలి బస్సు డ్రైవరుకు పెట్టె అప్పజెప్పి, అక్కడ బస్టాండు ఎదురుగా కోటి వాళ్ళ చిన్నాన్న ఎరువుల కొట్టులో ఇమ్మని చెప్పాను. ఎవరు పంపారని చెప్పమంటారమ్మా అని అడిగాడు. అప్పుడు కూడా వెనక్కి తగ్గి ఉండవచ్చు. ఆ మనిషి నాకు అవకాశం ఇచ్చాడు.

"నల్లపాడు పంతులుగారు పంపారని చెప్పండి" అన్నాను.

సాయంత్రానికి ఫోను వచ్చింది. ఆ ఫోనులో మాటలు నాకు ఇప్పటికీ ఒక్కొక్కటీ గుర్తే.

"అక్కా, పెట్టె ఇంటికొచ్చిందేంది?"

నేను ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచాను.

"మా అమ్మ పెట్టెను చూసి కూలబడిపోయిందక్కా. పంతులుగారే పంపించారంట గదా. ఆయనకేమన్నా కనపడిందా? మాట మార్చుకున్నారా?"

"నాకేం తెలుసు కోటీ. ఆయన మాట్లాడలేరు కదా."

"అక్కా, ఒక్క మాట చెప్పు చాలు. పొరపాటున వచ్చిందని చెప్పు. ఆయన పంపమనలేదని చెప్పు. మా అమ్మ కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తా. ఇప్పుడే బస్సెక్కుతా."

ఎంత చిన్న మాట అడిగింది! నాలుక కదిపితే చాలు. నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"పెట్టె దగ్గర ఆయన చాలా గాభరాపడ్డారు కోటీ."

"సైగేమన్నా చేశారా?"

"చేశారు" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. సైగ చేశారు. ఆ తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో! ఎమ్మే చదివిన తెలివి.

అవతల కోటి ఏడవడం వినిపించింది. తర్వాత ముక్కు చీదుకుని, "పోనీలే అక్కా. ఆయన చూసి వద్దన్నారంటే నా మంచికే" అంది. అక్కడితో ఆపినా బాగుండేది. "వెయిటింగులో నువ్వే గదా ఉంది. నువ్వన్నా వెళ్ళు. అక్కడ చైనా పిల్లలు మొదట్లో నోరు తెరవరంట. నువ్వు కంగారుపడి అరవమాక. వాళ్ళంతట వాళ్ళే వస్తారు" అంది.

ఫోను పెట్టేశాక నాన్నగారి గదిలోకి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి ఉన్నారు. అన్నం కలిపి తీసుకెళితే నోరు తెరవలేదు. మర్నాడు వదిన వచ్చి పెడితే తిన్నారు. పెట్టె ఏదని అన్నయ్య అడిగితే, నాన్నగారే తిప్పి పంపమని సైగ చేశారని చెప్పాను. ఆయన మంచం మీద నుంచి ఆ మాట విన్నారు. నా వైపు చూడలేదు. నేను మలేసియా బయలుదేరేటప్పుడు ఆశీర్వాదానికి వంగితే, ఎడమచెయ్యి దుప్పటి కిందే ఉంచుకున్నారు.

అవును. వెళ్ళాను. వెయిటింగ్‌లో ఉన్న పేరు పిలిచారు, వెళ్ళాను. వద్దనుకునేంత సిగ్గు నాకు కలగలేదు. ఈ మాట కూడా దాచకుండా చెప్పాలి. విమానంలో కిటికీ పక్క సీటు వస్తే సంతోషపడ్డాను కూడా.

ఉత్తరాన ఒక చిన్న ఊరు. మధ్యాహ్నం దాటగానే కుండపోతగా వాన, అరగంటకి మళ్ళీ ఎండ. క్లాసులో మలయ్ పిల్లలు, చైనీసు పిల్లలు, తమిళ పిల్లలు, ఎప్పుడో ముత్తాతలు వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు ఇంటి పిల్లలు ఇద్దరు. ఒకరి ఇంట్లో తినేది ఇంకొకరు తినరు. శుక్రవారం సగం మంది మసీదుకి వెళతారు. పండగ ఎవరిదైనా అందరికీ సెలవు. వాళ్ళలో వాళ్ళు నాలుగు భాషలు కలిపి మాట్లాడుకుని ఫక్కున నవ్వేవాళ్ళు. నేను క్లాసులోకి రాగానే నోళ్ళు మూసుకునేవాళ్ళు. నేను బోర్డు మీద తప్పుల్లేని వాక్యాలు రాసేదాన్ని. వాళ్ళు తప్పుల్లేకుండా ఎక్కించుకునేవాళ్ళు. అంతదూరం వెళ్ళి నేను నా గుంటూరు క్లాసే మళ్ళీ తయారుచేశాను.

మెయ్ అనే చైనీసు పిల్ల ఉండేది. బడి తెరిచి నెలలు గడిచినా నోరు విప్పలేదు. ఒకరోజు నేను అరిచాను. కోటి వద్దన్న పనే. ఆ పిల్ల ఏడవలేదు, పుస్తకం మూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? పిల్ల మీద జాలి కాదు. కోటి అయితే ఈపాటికి ఇది గలగలా మాట్లాడేది అని. వేల మైళ్ళ దూరంలో, పొదిలి దగ్గర పల్లెలో మిరపకాయలు ఎండబోసుకుంటున్న మనిషి మీద, ఆమె చోటు లాక్కుని వచ్చి నిలబడి కూడా, నాకు మంటే.

ఒకరోజు అక్కడి మార్కెట్లో గోనెసంచుల్లో ఎండుమిర్చి కనిపించింది. కొట్టువాడు ఇండియా సరుకు, గుంటూరు అన్నాడు. గుప్పెడు కొన్నాను. మర్నాడు క్లాసులో ఒకటి ఎత్తి చూపించి, "మీ ఇంట్లో దీనితో ఏం చేస్తారు?" అని అడిగాను.

మీకు అర్థమైంది కదా. చోటు తీసుకున్నాను, పాఠం కూడా తీసుకున్నాను. క్లాసు గోలగోలగా మారింది. అటువైపు వెళుతున్న హెడ్మిస్ట్రెస్ ఆగి, ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు నా వైపు చూసింది. తర్వాత గుర్తొచ్చిందేమో, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. మెయ్ ఆ రోజు మొదటిసారి ఒక వాక్యం మాట్లాడింది. మా అమ్మమ్మ దీన్ని నూనెలో వేస్తే పిల్లి ఇంట్లోంచి పారిపోతుంది అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వాక్యం నాది కాదు. ఆ నవ్వూ నాది కాదు.

మరి రెండోరోజు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మళ్ళీ బోర్డే. ఒప్పందం అయిపోయాక వాళ్ళు పొడిగించలేదు. నేను తిరిగి వచ్చాను.

వచ్చిన ఏడాదికి నాన్నగారు పోయారు. కబురు అందుకుని కోటీ, వాళ్ళమ్మా వచ్చారు. పిచ్చమ్మగారు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళందరూ వినేలా, "నా బిడ్డ ప్రాణం నిలబెట్టిన మారాజు" అని ఏడ్చింది. మాట పడిపోయినా పెట్టె తిప్పి పంపి తన కూతుర్ని కాపాడాడని అందరికీ చెప్పింది. బంధువులు ఔరా అనుకున్నారు. నేను ఆయన తల దగ్గరే నిలబడి ఉన్నాను. ఆ శవం ముందు అయినా నోరు తెరవవలసింది. తెరవలేదు. పైగా అక్కడ కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, అందరూ కోటిని చుట్టుముట్టి ఓదారుస్తుంటే, పోయింది మా నాన్న కదా, దాన్నేమిటి ఓదార్చేది అనుకున్నాను.

ఆ పెట్టె తిరిగి వెళ్ళాక కోటికి ఏమైందో నాకు తెలుసు. తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసేశారు. కనిగిరిలో బట్టల కొట్టువాళ్ళ ఇల్లు. ఆడవాళ్ళు బయటికి వెళ్ళి ఉద్యోగం చేయడం వాళ్ళకు నచ్చదు. చీరాల నుంచి వచ్చిన చీరలు మడతలు పెడుతూ, కొట్టు వెనక గదిలో ఏళ్ళకు ఏళ్ళు గడిపింది. కొట్టు దెబ్బతిన్నాకనే ఆమెను బయటికి రానిచ్చారు. ఇప్పుడు పొదిలి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బళ్ళో చెబుతోంది.

మొన్న వానలు మొదలైనప్పుడు అక్కడికి వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. బస్సులో కూర్చుని వాక్యం కూడా తయారుచేసుకున్నాను. 'కోటీ, పెట్టె పంపింది నేను.' అంతే. పెద్ద వాక్యం పెట్టుకుంటే మధ్యలో తప్పించుకుంటానని నాకు తెలుసు.

రేకుల షెడ్డులో క్లాసు. నేను వెళ్ళేసరికి పిల్లలు పత్తి ధర గురించి ఇంగ్లీషులో బేరమాడుతున్నారు. సగం మంది దళారులు, సగం మంది రైతులు. తప్పులు కుప్పలు తెప్పలు. ఒక్కరూ ఆగడం లేదు. కోటి నన్ను చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. పిల్లల వైపు తిరిగి, "మా అక్క మలేసియాలో చెప్పొచ్చింది. ఏం కావాలో అడగండిరా" అంది.

పిల్లలు ఏవో అడిగారు. కానీ వాళ్ళకంటే ఎక్కువ అడిగింది కోటి. అక్కడ బడి వెనక ఏరు ఉంది కదా, వానాకాలం నీళ్ళు మెట్ల దాకా వస్తాయా అని. పొద్దున ప్రార్థనలో ఎన్ని భాషలు వినిపిస్తాయని. నోరు తెరవని పిల్లలు ఎన్నాళ్ళకు తెరిచారని. ఆ బడి వెనక ఏరు ఉన్న సంగతి నాకు గుర్తు లేదు. రెండేళ్ళు ఉన్నాను, ఆ వైపు వెళ్ళి చూడలేదు. ఆమె ఫోనులో ఆ ఊరు బొమ్మలన్నీ వెతికి వెతికి చూసుకుందట. కనిగిరిలో చీరలు మడతపెడుతూ, మనసులో ఆ క్లాసు నడిపించుకునేదట. ఇవాళ ఈ పాఠం, రేపు ఆ పాఠం అని. నవ్వుతూనే చెప్పింది. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, నేల చూసి, మళ్ళీ నవ్వింది.

నేను ఏం దోచుకున్నానో అప్పుడు చూశాను. ఇన్నాళ్ళూ అది ఒక ఉద్యోగం మాత్రమే అనుకున్నాను.

అప్పుడైనా చెప్పాలి కదా? బస్సు కోసం రోడ్డు మీద ఇద్దరమే నిలబడ్డాం. చుట్టూ ఎవరూ లేరు. వాక్యం నాలుక మీదే ఉంది. ఎందుకు చెప్పలేదో తెలుసా? భయం అని చెబితే మీరు నమ్ముతారు, నాకూ మర్యాదగా ఉంటుంది. భయం కాదు. చెబితే ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు. ఏడుస్తుంది. ఆ మట్టిలోనే కూలబడి కాసేపు ఏడుస్తుంది. తర్వాత ముక్కు చీదుకుని "పోనీలే అక్కా" అంటుంది. మనస్ఫూర్తిగా అంటుంది. ఆ మాట ఆమె నోట వినడం నా వల్ల కాదు. పాఠంలో గెలిచింది, పిల్లల దగ్గర గెలిచింది, నేను తొక్కేసిన చోట మొలిచి గెలిచింది. క్షమించి కూడా గెలుస్తుందా? అది నేను ఇవ్వదలచుకోలేదు. బస్సు వచ్చింది. ఎక్కాను.

ఇదీ నేను. ఇంత జరిగాక కూడా నాలో మారనిది అదొక్కటే. పశ్చాత్తాపం ఉంది, కాదనను. కానీ దాని పక్కనే ఆ మంట కూడా అలాగే కూర్చుని ఉంది. రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. మీకు నేనేమీ అపకారం చేయలేదు, మీ క్షమాపణతో నాకు పని లేదు. అడగవలసిన మనిషిని అడగను. మరి ఇదంతా ఎందుకు రాసినట్టు? నిజానికి కోటి కోసం కూడా కాదేమో. ఆ పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ నాన్నగారి గురించి ఆ కథ చెప్పుకుంటున్నారు. నోటి మాట లేని మనిషి మీద నేను వేసిన మాట అది. ఆయన దాన్ని కాదనలేక, నన్ను పట్టించలేక, గోడవైపు తిరిగి పడుకుని పడుకుని పోయారు. కనీసం ఒక్కచోట అయినా నిజం ఉండాలి. ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు మీకు చెప్పాను. ఊపిరి కొంచెం లోపలి దాకా వెళుతోంది.

నాన్నగారు ఆ పెట్టెను పంపలేదు. ఎడమచేత్తో పట్టుకుని ఆపారు. ఆయన వేళ్ళు విడదీసి పంపింది నేను.